నీటిగీత కింద

మా రూమ్ల ఆరుగురం. రెండంతస్తుల మంచాలు మూడు.
పైడయ్య మంచం కింద, బూట్ల పెట్టెలల్ల,
ఏడు యుద్ధనౌకలు.

నేను మెట్‌పల్లి దిక్కు పుట్టినోణ్ణి.
సముద్రాన్ని మొదలు చూసింది విమానం కిటికీల నుంచి.
పైడయ్యది భీమిలి పక్కన చేపలోళ్ళ ఊరు.
వచ్చిన కొత్తల అడిగిండు నన్ను:
"ఏడొందల అడుగుల ఓడని ఒక్క అడుగు జేసేత్తే
నీలాటోడు, నాలాటోడు ఎంతుంతాడో తెల్సా?"
బాస్మతి గింజను గోటితోని మూడు ముక్కలు విరిచి
ఒక ముక్క నా అరచేతుల పెట్టిండు.
"ఇంత."

పగలు హిద్ల, డ్రైడాక్ పని.
నీళ్ళు తోడేసినంక ఓడ దిమ్మెల మీద కూసుంటది,
మడుగుల నుంచి లేచిన బర్రె తీరు, పాచి కారుకుంట.
దాని కడుపు కిందికి దూరి గుల్లలు గీకుతం,
తుప్పు రాలగొడ్తం, అది మా కంచాల దాంక వస్తది.
ఆఖర్న ఎర్ర రంగు.
ఆ ఎరుపును మళ్ళ ఐదేండ్ల దాంక
చేపలు తప్ప ఎవ్వలు చూడరు.

యుద్ధనౌక వచ్చిన దినాలు
గేటు కాడ మా ఫోన్ల కండ్లకు స్టిక్కర్లు అంటిస్తరు.
పైడయ్య కండ్లకు ఎవడు అంటించలే.

రాత్రి ఏసీ గురక పెట్టే యాళ్ళకు
చిన్న టార్చి పండ్ల నడుమ కరిచిపట్టి కూసుంటడు.
ముహరక్ బజార్ల కొన్న కిట్టు.
పెట్టె మీద తుఫాను, పొగ, పేలుతున్న ఫిరంగి.
లోపట బూడిదరంగు ప్లాస్టిక్ పుల్లలు.
గోర్లు తీసే కత్తెరతోని ఒక్కొక్క ఫిరంగిని తెంపి,
గరుకు కాయితం మీద రుద్ది,
అగ్గిపుల్ల మొనతోని జిగురు పెడ్తడు.
దగ్గొస్తే రాడార్ ఎగిరిపోతది.
ఒకపారి పోయింది. షఫీకుల్ పప్పుల దొరికింది.

ఓడ తాళ్ళకు తన తలవెంటుకలే.
మొదటి ఓడకు నల్లటివి.
ఏడో ఓడకు తెల్లటివి పీకి
నల్లరంగు పూస్తుంటే నవ్విన.
"నవ్వకురా బావూ, కొస కదిలిపోద్ది."

ఈ కిట్లకు ఒక లోపం.
ఓడ నీటిగీత కాడికే ఉంటది, కిందంత నున్నగ కోసేసి.
అద్దం పలక మీద పెడితే
సముద్రం మీద తేలినట్టు అగుపడాలెనట.
మొదటి కిట్టు విప్పిన రాత్రి పైడయ్య
పెట్టెను తలకిందులు చేసి దులిపిండు,
ఇంకో సంచి ఏమన్న ఉందేమోనని.
"సగం ఓడ ఏదిరా?
మనం పన్జేసిందంతా ఏదిరా బావూ?"

ఆ సగం తనే కట్టుకుంటడు.
ఐస్‌క్రీం పుల్లలు పేర్చి, లబాన్ డబ్బా కోసి చుట్టి,
రాగితీగ సాగగొట్టి పంకాలు చేసి,
గ్లవ్స్ వేళ్ళకు అంటుకొచ్చిన అసలు ఎరుపును
గీకి, కరగదీసి, పూస్తడు.
ఎడమ పక్కన, పంకా మీద, నువ్వుగింజంత మచ్చ.
"ఇదేంది?" అంటే
"వర్గీస్ ఏసిన అతుకు" అన్నడు.
వర్గీస్ కండ్లద్దాలు తెచ్చుకొని చూసిండు.
చానసేపు చూసిండు.

ఏడో ఓడను నీళ్ళ మీద పెట్టలే.
అగ్గిపుల్లల దిమ్మెల మీద నిలబెట్టి
కడుపు కింద ఆరు బియ్యపు ముక్కలు అతికిచ్చిండు.
ఒక ముక్క వంగి ఉంది.
"అది నువ్వే. గీకినప్పుడు నడుం అలాగే పెడతావు."

తెల్లారి లేచేసరికి ఐదే ఉన్నయి.
గోడ పొంటి చీమల బారు.
వంగినోడు ఉన్నడు, ముందుగాల అదే చూసిన.
చూసినందుకు సిగ్గయింది.

పైడయ్య ఏమనలే. బియ్యం డబ్బా మూత తీసిండు.
ఐదుంబావుకు బస్సొచ్చింది.
హెల్మెట్లు ఒళ్ళె పెట్టుకొని
ఆరుగురం
ఒకల మొఖాలు ఒకలం చూసుకుంట పోయినం.